గోడల్లేని ఇంటికి గుమ్మం

ఆవిడ పోయిన పదకొండో రోజు భోజనాల్లో, విస్తరి ముందు కూర్చుని నేను పప్పు కలుపుకుంటుంటే, పక్కనున్న మనిషి నా చెవి దగ్గరికి వంగి అడిగాడు: "దీదీ, ఆ సౌత్ సైడు రాయి కరెక్టుగా ఎక్కడుందో మీకు తెలుసు కదా?"

అతను మన తెలుగువాడే. ఇక్కడే భిలాయిలో, ఖుర్సీపార్‌లో పుట్టి పెరిగాడు. భూములు కొనిపించడం, అమ్మించడం అతని పని. చావింటి అన్నం గొంతు దిగకముందే పని మొదలెట్టేశాడు. నాకు ఒళ్లు మండింది. విస్తరి ముందు తగువెందుకని "తెలీదు" అన్నాను. అబద్ధం. ఆ రాయి ఎక్కడుందో నేను కళ్లు మూసుకుని కూడా చెప్పగలను. దానికి ఎన్ని ఆదివారాలు నా చేత్తో సున్నం కొట్టానో.

"ఫికర్ లేదు. అంకుల్ ఎలాగూ ఇచ్చేస్తారు. ఆయనకి ఆ జమీన్ మొదట్నుంచీ పసంద్ లేదు," అంటూ అతను అప్పడం విరిచాడు.

ఆ మాట మాత్రం అబద్ధం కాదు. అందుకే నాకు ఆ తర్వాత అన్నం సయించలేదు.

ఆవిడ, మేము పక్కపక్క క్వార్టర్లలో ఉండేవాళ్లం. నేను అత్తా అని పిలిచేదాన్ని. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు ఊళ్లు, అదే చుట్టరికం. ఆవిడ భర్త, అంటే మా మావయ్య, స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. ఆవిడ గ్రైండరు పెట్టుకుని మా క్వార్టర్లున్న సెక్టారు మొత్తానికి ఇడ్లీ పిండి రుబ్బి అమ్మేది. పిల్లలు లేరు. ఇంతకు మించి ఆవిడ జీవితచరిత్ర చెప్పను. నాకు చెప్పాలనున్నది ఆవిడ గుమ్మం సంగతి.

భిలాయిలో మనవాళ్లందరం కలిసికట్టుగా చేసిన తప్పొకటుంది. ముప్పై ఏళ్లు కంపెనీ క్వార్టర్లో ఉంటాం. పెరట్లో పనస వేస్తాం, మునగ వేస్తాం, గేటు పక్కన తులసికోట కట్టుకుంటాం. అదంతా మనదే అనుకుంటాం. మిగిలిన డబ్బు ఊరికి పంపి, అక్కడ మనం ఎప్పటికీ ఉండని ఇల్లొకటి కట్టిస్తాం. నౌకరీ అయిపోయిన రోజున చూసుకుంటే ఇక్కడిదీ మనది కాదు, అక్కడిదీ మనది కాదు. ఒక్కరు చేస్తే తెలివితక్కువ అనేవాళ్లం. అందరం చేశాం కాబట్టి ఆచారం అయింది.

మా నాన్న రిటైరై క్వార్టరు అప్పగించిన రోజు, అత్త పిట్టగోడ మీద మోచేతులు ఆనించి అంతా చూసింది. తనిఖీకి వచ్చినాయన తన పని తాను సక్రమంగానే చేశాడు. కుళాయిలు తిప్పి చూశాడు. కిటికీ అద్దాలు చూశాడు. గోడకి మేకులు కొట్టిన గుంతలు చూశాడు. చివరికి పెరట్లోకెళ్లి నాన్న వేసిన పనసచెట్టు కేసి చూసి, "ఇది క్వార్టరుతో పాటే ఉంటుంది, కాయలు కోయకండి" అన్నాడు. నాన్న అలాగేనని తలూపాడు.

ఆ సాయంత్రం అత్త మా అమ్మతో అంది: "సూసినావా వొదినా. సెట్టు మనది, మట్టి కంపెనీది. మట్టి లెగమంటే సెట్టు లెగాల్సిందే."

నెల తిరక్కుండా ఆవిడ ఊరి చివరి రిసాలి దాటి, తారు రోడ్డు ఆగిపోయిన చోటు కూడా దాటి, బండిబాట పక్కన చిన్న భాఠా ముక్క కొనేసింది. గడ్డి కూడా సరిగ్గా మొలవని ఎర్ర మొరం నేలని ఇక్కడివాళ్లు భాఠా అంటారు. అమ్మిన ఛత్తీస్‌గఢీ రైతు, పాపం, నిజాయితీపరుడు. "దాయీ, ఇహాఁ కుఛూ నఇ హోవయ," అన్నాడట. అమ్మా, ఇక్కడ ఏమీ పండదు అని. "పండక్కర్నేదు బావూ, పడుంటే సాలు," అందట ఈవిడ, తెలుగులోనే. అతనికి ఏం అర్థమైందో గానీ, ఆమెకి దణ్ణం పెట్టి మరీ కాగితం మీద వేలిముద్ర వేశాడట.

సెక్టారంతా ముక్కున వేలేసుకుంది. పిండి అమ్మి రాళ్లు కొన్నావిడ అన్నారు. పిల్లాజెల్లా లేనివాళ్లకి జాగా ఎందుకన్నారు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగానే నవ్వాను. అప్పుడే టీచరు ఉద్యోగం వచ్చింది నాకు. లోకంలో నాకు తెలియనిది లేదు.

మావయ్య నవ్వలేదు, కోప్పడ్డాడు. ఆయన మనసంతా ఊళ్లో తమ్ముళ్లతో కలిసి కట్టిస్తున్న ఇంటి మీద ఉంది. "ఆ రాళ్లల్లో నాను కాలెట్టను," అని ఒక్క మాట అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆవిడని స్కూటరు మీద అక్కడిదాకా తీసుకెళ్లేవాడు. బండిబాట మీద స్టాండు వేసి, సీటు మీద కూర్చుని హిందీ పేపరు చదివేవాడు. ఆవిడ పని అయ్యేదాకా పేపరే ఆయన లోకం. పాతికేళ్లు ఆయన కాలు ఆ హద్దు దాటలేదు.

నేను మొదటిసారి వెళ్లింది ఆవిడని ఆటపట్టిద్దామనే. నాలుగు మూలలా నాలుగు రాళ్లు పాతి ఉన్నాయి. అప్పుడే కొట్టిన సున్నం తడిగా మెరుస్తోంది. మధ్యలో ఒక మడత కుర్చీ, దాంట్లో గొడుగు వేసుకుని ఆవిడ. ఇంకేమీ లేదు. దూరంగా ప్లాంటు పొగగొట్టాలు. నేను సూటిగా ఆవిడ దగ్గరికి నడిచాను.

"ఏటే గుంటా, గోడలోంచి దూరొచ్చెత్తన్నావేటి? గుమ్మం అటుంటే?"

చూస్తే తూర్పు వైపు రెండు చిన్న రాళ్లకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. వాటి మధ్య మనిషి పట్టేంత సందు. నేను పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కుర్చీలోంచి లేవకుండా నా వంకే చూస్తూ కూర్చుంది. నవ్వు దానంతటదే ఆగిపోయింది. వెనక్కెళ్లి, చుట్టూ తిరిగి, ఆ రెండు రాళ్ల మధ్యనుంచి అడుగు పెట్టాను.

"సెప్పులో?"

విప్పాను. మొరం అరికాళ్లలో గుచ్చుకుంది.

"ఇది హాలు. అటేపు వంటిల్లు. ఆ మూల దేవుడు. ఓలమ్మా, అక్కడ తొక్కకే, పొయ్యి ఉంది!"

నేను ఎగిరి పక్కకి గెంతాను. లేని పొయ్యి మీంచి గెంతిన దాన్ని, ఇంక నాకు నవ్వే హక్కు ఎక్కడిది? హాల్లో కూర్చోబెట్టి నాకు పెరుగన్నం పెట్టింది. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లమంది. వెళ్లాను, తలుపు దారినే.

ఆ ఇల్లు ఎప్పుడూ ఒక్కలా ఉండేది కాదు. ఒక ఏడాది వంటిల్లు ఉత్తరానికి వెళ్లేది. "పాత సోట పొగంతా హాల్లోకొత్తంది," అనేది, పొగ కళ్లలో పడ్డట్టే మొహం పెట్టి. ఒక ఏడాది వచ్చేపోయే వాళ్ల కోసం గది ఒకటి వేసింది. మారినప్పుడల్లా నాకు ఇల్లంతా తిప్పి చూపించేది. "నిజంగా కట్టెయ్యొచ్చు కదత్తా" అంటే, "కట్టెత్తే నాలుగ్గదులే గుంటా. కట్టాపోతే ఎన్నైనా," అనేది. మావయ్య రిటైరయ్యాక రిసాలిలో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. సొంత జాగా పెట్టుకుని అద్దె ఇల్లా అని జనం మళ్లీ మొదలెట్టారు. ఆవిడ చెవిన పెట్టలేదు. భూమి ఎదుగుతోంది, ఎదిగేదాన్ని మధ్యలో కదపకూడదు అనేది. దానికి ఆవిడ దగ్గర ఒక సామెత ఉండేది, సొంతంగా కల్పించినదే: "కొన్నోడు గొప్పోడు కాదే. కొనేసి కూకున్నోడు గొప్పోడు."

కూర్చోవడమంటే ఆవిడ భాషలో ఊరికే కాలుమీద కాలేసుకోవడం కాదు. కొని వదిలేసిన నేల మనల్ని మర్చిపోతుందనేది. వారానికొక్కసారి దానికి మన మొహం చూపించాలి. సున్నం వెలిసిపోయిన రాయి అనాథ. ఎవడైనా ఎత్తుకుపోతాడు.

పక్క ముక్క నన్ను కొనమంది. వాయిదాల మీద ఇప్పిస్తానంది. నేను వేళ్లు మడిచి చెప్పాను: నీళ్లు లేవు, కరెంటు లేదు, రోడ్డు లేదు, బస్సు లేదు. ఆవిడ ఓపిగ్గా నాలుగు వేళ్లూ మడవనిచ్చి, "అయ్యన్నీ వచ్చినాక నీకెవుడిత్తాడే?" అంది. నేను కొనలేదు. ఇవాళ నెహ్రూనగర్‌లో అద్దె ఇంట్లో ఉంటూ, ఇంటివాళ్ల ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాను. నా చదువు నాకు చేసిన మేలు అది.

ఒకసారి మాత్రం ఆవిడ ఆదివారాలు తప్పాయి. మావయ్య తమ్ముడి కూతురి పెళ్లికని ఊరెళ్లారు. అక్కడి ఇంట్లో మావయ్య గది అని ఒకటుండాలి. తలుపు తీస్తే ఎరువుల బస్తాలు. ఈయనకి వరండాలో మంచం వేశారు. తిరిగొచ్చిన మర్నాడే అత్త తన జాగాకెళ్లింది. నన్నూ తీసుకెళ్లింది. గుమ్మంలోంచి లోపలికెళ్లి, హాల్లో అడుగు మీద అడుగు వేసుకుంటూ నడిచి, ఆగిపోయింది.

"హాలు పదారడుగులు. ఇప్పుడు పదకొండే ఉంది. నా హాలెవుడో తినేసినాడే!"

దక్షిణం వైపు రాయి జరిగింది. కొత్త చోట పాతి, ఎవరో సున్నం కూడా కొట్టారు. మామూలు కంటికి తేడా తెలియదు. కానీ ఆవిడ లెక్క రాళ్లతో కాదు, గదులతో. ఆవిడ కుర్చీ తీసుకెళ్లి రాయి అసలు ఉండాల్సిన చోట వేసుకుని, గొడుగు విప్పి కూర్చుంది. పట్వారీ వచ్చి గొలుసు పరిచి కొలిస్తే గానీ లేవనంది. మూడు రోజులు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. స్కూలు అవగానే నేనూ వెళ్లేదాన్ని. మావయ్య రోజూ క్యారేజీ తెచ్చి హద్దు బయట నిలబడేవాడు. "అలగ గోడ కాడ నిల్సుంటే ఎలగ? కిటికీలోంచి అందించు," అనేది. ఆయన రెండడుగులు పక్కకి జరిగి, చెయ్యి చాచి అందించేవాడు. కిటికీ ఎక్కడుందో ఆయనకెలా తెలుసని అప్పుడు నాకు తట్టలేదు.

నాలుగో రోజు పట్వారీ వచ్చాడు. నక్షా విప్పి, గొలుసు పరిచి, ఆవిడ కుర్చీ కాళ్ల దగ్గర తవ్విస్తే పాత గుంత బయటపడింది. ఐదు అడుగులకి ఐదు అడుగులూ దొరికాయి. జరిపిందెవరో ఇప్పటికీ తెలియదు. ఆవిడ అడగనూ లేదు. రాయి పాతించి, సున్నం కొట్టి, "హాలొచ్చీసింది" అని లేచింది.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఈ చేను పండలేదు, అసలు పండే రకమే కాదు. కానీ ఊరే నడిచి దాని దగ్గరికొచ్చింది. రోడ్డు వచ్చింది, స్తంభాలు వచ్చాయి, అటూ ఇటూ గేట్లున్న కాలనీలు వచ్చాయి. మధ్యలో సున్నం రాళ్లు నాలుగు, కుర్చీ ఒకటి. ఆవిడని చూసి నవ్వినవాళ్లు ఇప్పుడు స్కూటర్లు ఆపి నమస్కారాలు పెట్టడం మొదలెట్టారు. అప్పుడే వచ్చాడు మన ఖుర్సీపార్ బేరగాడు.

మే నెల, మిట్టమధ్యాహ్నం. నేను అక్కడే ఉన్నాను. ఆవిడ అతన్ని వెనక్కి పంపి, చుట్టూ తిప్పి, బూట్లు విప్పించి గుమ్మంలోంచి రప్పించింది. కాలిపోతున్న మొరం మీద అతను తైతక్కలాడుతూ వచ్చాడు. నాకు ఎంత ఆనందమైందో దాచుకోను. ఉన్నది ఒక్కటే కుర్చీ, అది ఆవిడది. అతను తువ్వాలు పరుచుకుని కింద కూర్చున్నాడు. ఆవిడ చల్ల పోసి ఇచ్చింది.

"ఆంటీ, బురా మత్ మానియే, ఏమీ అనుకోకండి. మీకు బాల్‌బచ్చే లేరు. ఇదంతా ఎవరి కోసం?"

అతని గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆవిడ ఆగింది.

"నా పెనిమిటి ముప్పై ఏళ్లు క్రేనెక్కి కూకున్నాడు. ఆ ఇంట్లో నాను ముప్పై ఏళ్లు ముగ్గెట్టినాను. ఓ రోజొచ్చి లెగండన్నారు, లెగిసినాం. ఆల్ల తప్పేటి నేదు, ఇల్లు ఆల్లది. నన్ను లెగమనీవోడు నేని జాగా బూమ్మీద ఒకటుండాల బావూ. ఎవురి కోసమేటి? నాను కూకోడానికి."

అతను నోరు తెరవబోయాడు. ఆవిడ చెయ్యెత్తింది. "ఎంతిత్తావో సెప్పకు. ఇంటే ఆశ పుడతాది. నానూ మడిసినే."

స్కూటరు మీద మావయ్య పేపరు వంకే చూస్తున్నాడు. చాలాసేపు పేజీ తిప్పలేదు.

నేను ఆవిడని ప్రేమించాను. ఆవిడ పొగరుని ఇంకా ఎక్కువ ప్రేమించాను. జీవితమంతా తలూపుతూ బతికిన మనుషుల మధ్య పెరిగాను నేను. తల అడ్డంగా ఊపడం నాకు చూపించింది ఆవిడొక్కతే. పోయిన నెల, వారం రోజుల జ్వరంతో పోయింది. మంచం మీద ఉండగా నొప్పి గురించి ఒక్కసారీ అనలేదు. ఆదివారం రాళ్లకి సున్నం పడలేదనే బెంగ పెట్టుకుంది.

భోజనాలైన మూడో రోజు బేరగాడి మెసేజి వచ్చింది: దీదీ, ఆదివారం అంకుల్‌ని సైటు దగ్గరే కలుస్తున్నా, పార్టీ కూడా వస్తోంది. అదే సాయంత్రం మావయ్య ఫోన్ చేశాడు. "గుంటా, సున్నం కలపడం నీకొచ్చు కదా? ఆదివారం రా." అమ్మేముందు రాళ్లు కనబడాలి కదా, అందుకే అనుకున్నాను. వెళ్లకూడదనుకున్నాను. ఆవిడ ఇంటిని ఆఖరిసారి తలుపు దారినే చూసి రావాలనిపించి వెళ్లాను.

ఆయన స్కూటరు ఎప్పటి చోటే ఆపాడు. పేపరు చంకలో ఉంది. నేను బకెట్లో సున్నం కలుపుతుంటే, జేబులోంచి పసుపు పొట్లం తీశాడు. గుమ్మం రాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని రెంటికీ పూశాడు. క్రేను మీటలు లాగిన చేతులు కదా, మోటుగా, మందంగా పూశాడు. లేచి చెప్పులు విప్పాడు. పాతికేళ్లుగా పెట్టని కాలు లోపల పెట్టాడు.

మడత కుర్చీ పట్టుకుని హాల్లోకి సూటిగా నడిచాడు. ఒక చోట ఆగి ఎడమ వైపు తిరిగాడు. మూడడుగులు వేసి, దేన్నో చుట్టి వెళ్లినట్టు పక్కకి జరిగి, అక్కడ కుర్చీ వేసుకున్నాడు. నేను బకెట్టుతో వెనకే వెళ్లబోయాను.

"సూసుకో. పొయ్యి తొక్కుతావు."

నేను అక్కడే ఆగిపోయాను. ఈ ఏడాది వంటిల్లు ఎటు మార్చిందో నాకే తెలియదు. నాకు చూపించేలోపే జ్వరం వచ్చింది. ఆయనకి తెలుసు. రోడ్డు మీద, పేపరు వెనకనుంచి, ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాడు. నా కళ్లు నిండిపోయాయి. దాచుకోలేదు.

నేను దక్షిణపు రాయికి సున్నం కొడుతుండగా కారొచ్చి ఆగింది. కొనే మనిషి కార్లోనే కూర్చున్నాడు. మన బేరగాడు దిగి, ఫోనులో మాట్లాడుతూ, బూట్లతో అడ్డంగా నడుచుకుంటూ వచ్చి మావయ్య ముందు నిలబడ్డాడు. ఆవిడ లేదు కదా, ఇంకెవరడుగుతారని కాబోలు.

"నమస్తే అంకుల్. పార్టీ రెడీ. మీరు ఊఁ అని ఒక్క ఇషారా ఇవ్వండి, బస్."

మావయ్య పేపరు నిదానంగా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "నువ్వెక్కడ నిల్సున్నావో తెలుసా?"

అతను కింద చూసుకున్నాడు. ఎర్ర మొరం తప్ప ఏమీ లేదు.

"మా వంటింట్లో. బూట్లతోటి. గోడలోంచి వచ్చినావు." ఆయన గొంతు పెద్దది చెయ్యలేదు. "గుమ్మం అటుంది బావూ. ఎనక్కెల్లి, బూట్లిప్పి, అటేపునించి రా."

అతను నా వంక చూశాడు. నేను బ్రష్షుతో గుమ్మం వైపు చూపించాను.

"అలా వస్తే మాట్లాడతారా అంకుల్?"

"అలగొచ్చినా అమ్మను," అన్నాడు మావయ్య. "అయినా అలగే రావాల."